ఇంజను మారిన జీపు

సంగారెడ్డి జిల్లా తూర్పు కొసన రామచంద్రాపురంలో టర్బైన్లు తయారుచేసే బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం ఉంది. పడమటి కొసన జహీరాబాదులో ట్రాక్టర్లు తయారుచేసే మహీంద్రా కర్మాగారం ఉంది. నడుమ పటాన్‌చెరు పారిశ్రామిక వాడ విస్తరించి ఉంది. వీటిని కలుపుతూ సాగే 65వ నంబరు జాతీయ రహదారి వెంట లేత్ షాపులు, వెల్డింగ్ షాపులు, డీజిల్ పంపులు సరిచేసే చిన్న దుకాణాలు కనిపిస్తాయి. పెద్ద కర్మాగారాలు యంత్రాలకు జన్మనిస్తే ఈ చిన్న దుకాణాలు వాటి ఆయుష్షును పొడిగిస్తాయి. ఇటువంటి దుకాణం ముందు పాత జీపును ఆపిన యజమాని చెప్పుకొనే గోడు ఒకటి ఉంది. "ఇంత ఖర్చు పెట్టి డీజిల్ ఇంజను ఎక్కించినా బండి గుంజుతలేదన్నా!" గుంజుతలేదు అంటే లాగడం లేదని అర్థం. ఆ ఒక్క మాట వెనుక పది కారణాలు దాగి ఉండవచ్చు. వాటిలో అసలు కారణాన్ని పట్టుకోవడమే రోగనిర్ధారణ.

మన దేశంలో జీపుల కథ 1940ల చివర, మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల కూర్పును చేపట్టడంతో మొదలైంది. ఆ జీపులు పెట్రోలుతో నడిచేవి. పెట్రోలు కంటే డీజిల్ ధర చాలాకాలం బాగా తక్కువగా ఉండడం వలన, గ్రామాలలో, అడవి దారులలో జీపులు నడుపుకొనేవారు పెట్రోలు ఇంజనును తీసివేసి డీజిల్ ఇంజనును అమర్చుకొనే అలవాటు పెరిగింది. 2010లో పెట్రోలు ధరపై, 2014లో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగడంతో ఆ వ్యత్యాసం బాగా తగ్గింది. అయినా అప్పటికే ఇంజను మారిన జీపులు, పాత డీజిల్ ఇంజను అరిగిపోగా మరొక డీజిల్ ఇంజనును పొందిన జీపులు ఎన్నో మిగిలి ఉన్నాయి.

మొదట యజమాని ఆశించినది ఏమిటో తెలుసుకోవాలి. పాత జీపులోని 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను సుమారు 70 అశ్వశక్తిని ఇచ్చేది. మహీంద్రా జీపులలో విరివిగా వాడిన ప్యుజో డీజిల్ ఇంజను 'ఎక్స్.డి.పి. 4.90'కు ఉన్న శక్తి 62 అశ్వశక్తి మాత్రమే. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదాని వ్యాసం 90 మిల్లీమీటర్లు అని ఆ పేరులోనే ఉంది. 70 పోయి 62 వచ్చినప్పుడు పరుగు కొంత మందగించడం సహజం. అది రోగం కాదు. ఈ తేడాను ముందుగా చెప్పని మేస్త్రీ తరువాత లేని రోగానికి మందు వెదకవలసి వస్తుంది.

రెండవ ప్రశ్న, బండి ఎక్కడ లాగడం లేదు? "గంటకు 60 కిలోమీటర్లు దాటడం లేదు" అనేది ఒక ఫిర్యాదు. "ఎత్తు ఎక్కడం లేదు" అనేది వేరొక ఫిర్యాదు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం వలననే సగం పొరపాట్లు జరుగుతాయి. మొదటిదానికి చాలాసార్లు సమాధానం లెక్కలోనే దొరుకుతుంది. ఇంజను చుట్లను చక్రాలకు అందించే ముందు వెనుక ఇరుసులోని క్రౌన్, పినియన్ పళ్ళచక్రాలు ఆ చుట్లను తగ్గిస్తాయి. పాత జీపులలో ఈ నిష్పత్తి 5.38. అంటే ఇంజను 5.38 చుట్లు తిరిగితే, టాప్ గేరులో చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. చక్రం ఒక చుట్టుకు సుమారు 2.25 మీటర్లు కదులుతుందనుకుందాం. నిమిషానికి 4,000 చుట్లు తిరిగే పెట్రోలు ఇంజనుతో బండి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. దాని స్థానంలో నిమిషానికి 2,500 చుట్లకే గవర్నరు అడ్డుకట్ట వేసే డీజిల్ ఇంజను వచ్చిందనుకుందాం. ట్రాక్టరు వంశానికి చెందిన ఇంజన్ల పద్ధతి ఇదే. అప్పుడు గరిష్ఠ వేగం దాదాపు 63 కిలోమీటర్లు. ఇంజను ఎంత ఆరోగ్యంగా ఉన్నా అంతకు మించి ఒక్క అడుగు ముందుకు వేయదు. పంపు విప్పినా, నోజిళ్ళు మార్చినా ఫలితం ఉండదు. పళ్ళచక్రాల నిష్పత్తిని 4.27కు మార్చితే అదే ఇంజను 79 కిలోమీటర్ల వరకు తీసుకుపోగలదు.

అయితే ఈ మార్పు ఉచితంగా రాదు. నిష్పత్తి తగ్గినకొద్దీ చక్రం వద్ద తిప్పుడు బలం తగ్గుతుంది. దానికి తోడు చూడముచ్చటగా ఉంటాయని పెద్ద టైర్లు తొడిగితే నష్టం రెట్టింపవుతుంది. టైరు చుట్టుకొలత పదవ వంతు పెరిగితే నేలను నెట్టే బలం సుమారు పదకొండవ వంతు తగ్గుతుంది. చదునైన రహదారిపై హాయిగా పరుగెత్తి ఎత్తు రాగానే ఆయాసపడే జీపును చూసినప్పుడు ఇంజను కంటే ముందు టైర్ల మీద దృష్టి నిలపాలి.

ఇంజను, గేర్‌బాక్సు, చక్రాలు ఒకదానికొకటి సరిపోవడం ఎంత ముఖ్యమో తెలియడానికి దూరం పోనక్కరలేదు. సంగారెడ్డి సమీపంలోని ఎద్దుమైలారంలో 1984లో నెలకొల్పిన ఆయుధ కర్మాగారంలో 'శరత్' అనే సైనిక వాహనాలు తయారవుతున్నాయి. సుమారు 14 టన్నుల బరువుండే ఆ వాహనానికి 300 అశ్వశక్తి గల డీజిల్ ఇంజను ఉంటుంది. టన్నుకు 21 అశ్వశక్తి మాత్రమే. మనుషులతో నిండిన ప్యుజో జీపుకు టన్నుకు అంతకు దాదాపు రెట్టింపు శక్తి ఉంటుంది. అయినా శరత్ ఇసుకలోను, బురదలోను, ఏటవాలు నేలపైనా సాగిపోగలదు. దాని భాగాలన్నీ ఒకే పని కోసం ఒకచోట ఆలోచించి రూపొందించినవి. ఇంజను మార్చిన జీపులో అట్లా కాదు. ఒక బండి గుండె మరొక బండి శరీరంలో కొట్టుకొంటున్నది.

లెక్క సరిపోయినా బండి లాగనప్పుడు పరీక్షకు పూనుకోవాలి. ఇక్కడ పాటించవలసిన నియమం ఒక్కటే. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చయ్యే పరీక్ష తరువాత. ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటరును పూర్తిగా తొక్కిపట్టగా, మరొకరు డీజిల్ పంపు మీది మీట చివరి వరకు తిరుగుతున్నదో లేదో చూడాలి. పాత పెట్రోలు బండి తీగ, కడ్డీలు కొత్త పంపుకు సరిగా కుదరక మీట ముప్పాతిక దూరంలోనే ఆగిపోవచ్చు. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా వేల రూపాయల పని మొదలుపెట్టడం నా దృష్టిలో క్షమించరానిది.

తరువాతది ఇంధనం దారి. డీజిల్ ఇంజనులో పంపు వందకు పైగా బార్ల ఒత్తిడితో ఇంధనాన్ని నోజిల్ గుండా చిమ్ముతుంది. ద్రవం నొక్కితే కుదించుకుపోదు కనుక ఈ పని సాధ్యమవుతున్నది. గొట్టంలో గాలి బుడగ చేరితే ఆ బుడగ స్ప్రింగు వలె నొక్కుకుపోతుంది, నోజిల్ సరిగా తెరుచుకోదు. దీనినే మేస్త్రీలు 'ఎయిర్ పట్టింది' అంటారు. ట్యాంకుకు, పంపుకు మధ్య గొట్టంలో ఉన్న వెంట్రుకవాసి పగులు నుంచి డీజిల్ బయటకు కారకపోవచ్చు గాని గాలి లోపలికి చొరబడుతుంది. అందుకే చూపుకు ఈ లోపం అందదు. పైగా పెట్రోలు కాలం నాటి ట్యాంకులోని తుప్పు, మడ్డి ఫిల్టరును పూడ్చివేస్తాయి. సన్నని పాత గొట్టం చాలినంత ఇంధనాన్ని అందించదు. వాడగా మిగిలిన డీజిల్‌ను తిరిగి ట్యాంకుకు చేర్చే గొట్టం పెట్రోలు బండిలో అసలు లేకపోవచ్చు. ఈ అనుమానాలన్నింటినీ ఒకే పరీక్షతో తేల్చవచ్చు. శుభ్రమైన డీజిల్ డబ్బాను పంపు కంటే ఎత్తున భద్రంగా నిలిపి, దాని నుంచి నేరుగా ఇంధనం ఇచ్చి చూడాలి. ఇంజను చురుకుదనం తిరిగి వస్తే దోషం ట్యాంకు వైపు ఉన్నట్లు. రాకపోతే పంపు వైపు చూడాలి.

పొగ కూడా సాక్ష్యం చెబుతుంది. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. గాలి చాలకపోయినా, ఇంధనం మితిమీరినా నల్లని పొగ వస్తుంది. అప్పుడు ఎయిర్ ఫిల్టరును, లోపలికి పీల్చుకుపోయి మూసుకుంటున్న రబ్బరు గొట్టాన్ని, సన్నని సైలెన్సరును పరిశీలించాలి. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ వస్తే ఇంధనం ఆలస్యంగా చిమ్ముతున్నదనో, సిలిండరులో ఒత్తిడి చాలడం లేదనో భావించాలి. నీలిపొగ ఇంజను ఆయిలు కాలుతున్నదని చెబుతుంది. ఇక పొగా లేదు, బలమూ లేదు అన్న స్థితి అన్నింటికంటే ఆశాజనకమైనది. ఇంజనుకు చాలినంత ఇంధనం చేరడం లేదని, లోపల గాయమేదీ ఉండకపోవచ్చని దాని అర్థం.

అప్పుడు పంపు టైమింగు సంగతి చూడాలి. ఇంజనును దించి ఎక్కించే క్రమంలో పంపు కొద్దిగా జరిగినా చాలు, ఇంధనం చిమ్మే క్షణం మారిపోతుంది. ఆలస్యమైతే శక్తి తగ్గి తెల్లపొగ వస్తుంది. ముందైతే ఇంజను సుత్తితో కొట్టినట్లు మోగుతుంది. చెవితో టైమింగు సరిచేయగల మేస్త్రీలు ఉన్నారు. అయినా డయల్ గేజి చెప్పే సంఖ్యకు చెవి సాటి రాదు. సిలిండర్ల ఒత్తిడి కొలిచే పరీక్ష ఆ తరువాతనే. నాలుగు సిలిండర్లలో ఒకదాని కొలత మిగిలిన వాటికంటే బాగా తక్కువగా వస్తేనే హెడ్డు విప్పడానికి న్యాయమైన కారణం దొరికినట్లు.

బలం పుట్టి కూడా దారిలో వృథా కావచ్చు. ఇంజను చుట్లు పెరుగుతున్నా వేగం పెరగకపోతే క్లచ్చి జారుతున్నదన్నమాట. కొంతదూరం నడిపి ఆపిన తరువాత ఒక చక్రం మాత్రమే కాగిపోతే బ్రేకు పట్టుకుని ఉన్నట్లు.

కంప్యూటరుతో పనిచేసే కొత్త డీజిల్ ఇంజన్ల తీరు వేరు. సెన్సారు ఒకటి అమర్చకుండా వదిలేస్తే, కంప్యూటరు ప్రమాదాన్ని శంకించి ఇంధనాన్ని తానే తగ్గిస్తుంది. అక్కడ స్పానరు పట్టకముందే స్కానరుతో లోప సంకేతాన్ని చదవాలి.

ఇంజను మార్పు చట్టానికీ సంబంధించిన విషయం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని స్పష్టం చేసింది. ఇంజను మార్చదలచినవారు ముందుగా రవాణా అధికారి ఆమోదం పొందాలి. మార్చిన తరువాత 14 రోజులలో ఆ సంగతి తెలియజేసి, కొత్త ఇంజను నంబరును రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయించాలి.

బండి లాగడం మొదలయ్యాక పరీక్షించవలసినది మరొకటి మిగిలి ఉంది. పెట్రోలు ఇంజను గాలిని పీల్చేటప్పుడు ఏర్పడే శూన్యపు ఒత్తిడితో బ్రేకు బూస్టరు పనిచేస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ శూన్యత చాలినంత ఏర్పడదు కనుక వేరుగా వాక్యూమ్ పంపు ఉండాలి. బూస్టరు ఉన్న బండిలో ఇంజను ఆపి, బ్రేకును నాలుగైదుసార్లు తొక్కి, కాలు అట్లాగే ఉంచి ఇంజను స్టార్టు చేయాలి. పెడలు కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే ఆ జీపును రహదారి ఎక్కించకూడదు.