పికప్ తొట్టికి మడత కవర్: కొనే ముందు మీ క్రేటు ఎత్తు కొలవండి



పోయిన వారం బుట్టల ప్యాకింగ్ వీడియోలో మా బండి వెనకాల నల్లగా, మూడు పలకలుగా మడిచే మూత ఒకటి కనిపించింది కదా. కూరగాయల గురించి అడిగినవాళ్ల కంటే దాని గురించి అడిగినవాళ్లే ఎక్కువ. "అన్నా, అది ఎంత పడింది? వాన ఆగుతాదా? మేమూ వేయించుకోవచ్చా?" అని. అందుకే ఈరోజు వీడియోలో దాన్ని విప్పి, మడిచి, మళ్లీ బిగించి చూపించాను. వీడియోలో నిదానంగా చెప్పడానికి కుదరనివి, ముఖ్యంగా నేను చేసిన తప్పు, ఇక్కడ రాస్తున్నా. కొనమని గానీ, వద్దని గానీ చెప్పను. చదివితే మీకే తెలిసిపోతుంది.

టార్పాలిన్‌తో పడిన పాట్లు

మాది పీలేరు దగ్గర పల్లె. వారానికి రెండు రోజులు తిరుపతిలో 40 ఇళ్లకు బుట్టలు ఇస్తాం. ఆకుకూరలు, టమోటా, వంకాయ, బెండ, కొంచెం వేరుశనగ నూనె, బెల్లం, రాగిపిండి. వేసవిలో బేనీషా మామిడి. భాకరాపేట ఘాట్ దిగి పోవాలి. బండి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న డబుల్ క్యాబ్ పికప్. ముందు ఇంట్లోవాళ్లు కూర్చోవచ్చు, వెనక సరుకు వేసుకోవచ్చు అని కొన్నాం.

మొదటి ఏడాదంతా నీలం టార్పాలిన్, నైలాన్ తాడు. ఘాట్‌లో గాలికి పట్టా టపటపా కొట్టుకుని అంచులు చిరిగేవి. తాడు ఎంత లాగి కట్టినా మధ్యలో ఒకసారి దిగి మళ్లీ కట్టాల్సిందే. అయినా అసలు తలనొప్పి ఊరు చేరాకే. అపార్ట్‌మెంట్ కింద బండి పెట్టి, బుట్ట తీసుకుని మూడో అంతస్తు ఎక్కి దిగేలోపు వీధి ఆవు పాలకూరలో మూతి పెట్టేది. ఒకసారి మామిడి క్రేటు ఒకటి మాయమైపోయింది. ప్రతి ఇంటి దగ్గరా తాడు విప్పడం, కట్టడం. 40 ఇళ్లకు 40 సార్లు. దానికి విసిగిపోయే మడత కవర్ దాకా వచ్చాను.

ఏ బండికి పడుతుంది?

ఇది ముందు చెప్పాలి. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటి బళ్ల తొట్టికి పక్క డోర్లు కిందికి దిగుతాయి. ఈ కవర్లు కూర్చునేది కదలని పక్క గోడల మీద. రెయిలు పెట్టి, కింద నుంచి క్లాంపులతో బిగిస్తారు. కాబట్టి డోర్లు దిగే తొట్టికి ఇవి పనికిరావు. ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి డబుల్ క్యాబ్ బళ్లకే సరిపోతాయి. వి-క్రాస్ తయారయ్యేది మన శ్రీసిటీలోనే కాబట్టి మా వైపు ఆ రకం బళ్లు అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి.

కవర్లలో స్థూలంగా నాలుగు రకాలు. చాపలా చుట్టే వినైల్ పట్టా ఒకటి. తేలిక, ధర తక్కువ, కానీ కత్తితో గీస్తే తెగుతుంది. రెండోది అదే పట్టాను ఫ్రేములకు బిగించి మూడు మడతలు చేసేది. మూడోది అల్యూమినియం పలకలది, మేం తీసుకున్నది. వెనక డోరుకు తాళం వేస్తే మూత పైకి లేవదు. నాలుగోది దుకాణం షట్టర్‌లా లోపలికి జరిగేది. వాడటానికి సుఖమే గానీ, చుట్టుకునే డబ్బా క్యాబిన్ వెనకాల తొట్టిలోనే కొంత చోటు తినేస్తుంది. ఇవి కాక ఒకే ముక్కగా ఉండే ఫైబర్ మూతలూ ఉన్నాయి. ఎత్తు సరుకు వేయాలంటే దాన్ని పూర్తిగా ఊడదీసి ఇంట్లో పెట్టి రావాలి. మడతది అలా కాదు, క్యాబిన్ వైపు మడిచి బెల్టు పెట్టుకుంటే తొట్టిలో ఎక్కువ భాగం ఖాళీ అవుతుంది.

మాకు బిగింపుతో కలిపి 50 వేలకు దగ్గర పడింది. బండిని బట్టి, కంపెనీని బట్టి ఈ లెక్క మారుతుంది.

నేను కొలవకుండా కొన్నది

డబ్బు కట్టే ముందు పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను. ఎత్తు మర్చిపోయాను. మా తొట్టి లోతు అడుగున్నర. మా ప్లాస్టిక్ క్రేటు ఎత్తు దాదాపు అడుగు. అంటే మూత వేస్తే క్రేట్లు ఒక్క వరసే! రెండో వరస పెడితే మూత పడదు. చక్రాల మీది గుబ్బలు పక్కన చోటు తినేస్తాయి కాబట్టి కింద 8 క్రేట్లు పడతాయి. టార్పాలిన్ రోజుల్లో మూడు వరసలు పేర్చేవాళ్లం.

బండి మోయగలిగే బరువు సగం కూడా నిండకముందే ఎత్తు అయిపోయింది. మూత వేసిన రోజు నుంచి మా పికప్ ఒక పెద్ద డిక్కీ ఉన్న కారు అయింది, అంతే. చివరికి సగం ఎత్తు క్రేట్లు కొన్నాం. ఆకుకూర, బెండ, వంకాయ వాటిలో రెండు వరసలు పడతాయి. పైగా కింది కూర నలగదు. ఆ క్రేట్ల ఖర్చు కూడా కవర్ ఖర్చులో కలిపి చూసుకోండి.

ఆ శనివారం

ఇప్పుడు అసలు సంగతి. కవర్ వేయించిన మొదటి వేసవి. ఏప్రిల్ నెల. పొద్దున 7 గంటలకు పాలకూర, కొత్తిమీర, చుక్కకూర కోశాం. పక్క క్రేట్లలో మాగిన బేనీషా మామిడి. అన్నీ ఎక్కించి, మూత వేసి, తాళం వేశాను. లోకంలో ఇంత నిశ్చింత ఉంటుందా అనిపించింది. బయలుదేరేసరికి 9 దాటింది. దారిలో పంక్చర్. రోడ్డు పక్కన ఎండలో గంటన్నర ఆగాం. నల్ల పలక మీద చెయ్యి పెడితే చుర్రుమంది.

తిరుపతిలో మొదటి ఇంటి దగ్గర మూత ఎత్తాను. గిన్నె మూత తీసినట్టు ఆవిరి మొహానికి కొట్టింది. కొత్తిమీర పసుపు తిరిగింది. పాలకూర చేతికి జిగురుగా తగిలింది. ఆ ఇంటి పెద్దావిడ మొదటి నుంచి మా దగ్గరే తీసుకునే మనిషి. కట్ట చేతిలోకి తీసుకుని చూసి, "ఏం నాయనా, ఉడకేసి తెచ్చినావా?" అనింది. నవ్వుతూనే అనింది. నాకు మాత్రం తల ఎత్తుకోలేనంత పనైంది. ఆరోజు ఆకుకూర ఎవరికీ ఇవ్వలేదు, ఆ డబ్బులు తగ్గించి తీసుకున్నాం. అయినా ఆ నెలలో నాలుగు ఇళ్లు మానేశాయి. మందులు కొట్టకుండా, జీవామృతం పోసి పెంచిన కూర అని చెప్పి ఇచ్చేవాళ్లం మనం. అది వాడిపోయి చేరితే వాళ్లకు అనుమానం వచ్చేది బండి మీద కాదు, మన పంట మీద.

ఇంటికొచ్చి చెబితే మా నాయన ఒకటే మాట అన్నాడు. "మూత పెడితే కూర ఉడుకుతాది గానీ, చల్లగుంటాదా రా?"

డిప్లొమాలో ఇదే పాఠం నేను చదువుకున్నా. కోసిన కూర కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, వేడి వదులుతూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఊపిరి వేగం రెండు మూడింతలు అవుతుంది. మాగిన మామిడి, టమోటా వదిలే ఎథిలీన్ వాయువు పక్కనున్న ఆకుకూరను పసుపు చేస్తుంది. గాలి ఆడని పెట్టెలో ఈ రెండూ కలిపి పెట్టి, పైన ఎండ తగిలించాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయాన్ని బండిలో మర్చిపోయాను. మూత కాపాడేది బయట నుంచి వచ్చేదాని నుంచి. కూర లోపలి వేడిని అది బయటికి పోనివ్వదు.

ఏం మార్చుకున్నాం

కవర్ తీసేయలేదు. పద్ధతి మార్చాం.

ఆకుకూర కోత తెల్లవారకముందే, తలకు లైటు కట్టుకుని. కోసింది నేరుగా బండి ఎక్కదు. చెట్టు కింద పలుచగా పరిచి, పొలం వేడి తగ్గాక క్రేట్లో పెడతాం. పైన తడిపి పిండిన గోనెపట్టా. నీళ్లు కారేంత తడి వద్దు, కుళ్లు మొదలవుతుంది. మాగిన మామిడి తొట్టిలోకి రాదు, క్యాబిన్‌లో వెనక సీటు మీద. 6 గంటలకల్లా బండి కదలాలి, ఎండ ముదిరేలోపు ఆకుకూర ఇళ్లకు చేరాలి. బండి ఎక్కడ ఆపినా నీడలోనే. నీడ దొరక్కపోతే పలకల మీద తెల్ల బట్ట పరుస్తాం. తారు రోడ్డు మీద, వాన లేనప్పుడు వెనక పలక ఒకటి మడిచి, బెల్టు పెట్టి పోతాం. ఆ బెల్టు పెట్టకుండా మాత్రం ఒక్క అడుగు కూడా నడపొద్దు. గాలికి పలక లేచి విరుగుతుంది, వెనక వచ్చేవాళ్ల మీద పడినా పడొచ్చు.

జీవామృతం మోసే రోజు కవర్ మొత్తం మడిచేస్తాం. 200 లీటర్ల డ్రమ్ము ఎలాగూ మూత కింద పట్టదు. చిన్న క్యాన్లలో తీసుకెళ్లినా అది పులుస్తూ గ్యాస్ వదులుతుంది కాబట్టి క్యాన్ మూత బిర్రుగా బిగించొద్దు. కూర వేసే రోజు, జీవామృతం మోసే రోజు వేరు వేరు. మధ్యలో తొట్టి కడిగి ఆరబెట్టాల్సిందే.

వాన, దుమ్ము

అమ్మేవాళ్లు "చుక్క నీరు రాదు" అంటారు. నమ్మొద్దు. మామూలు వానకు ఆగుతుంది. మా వైపు అక్టోబరు, నవంబరుల్లో పట్టే ముసురుకు వెనక డోరు సందులోంచి, క్యాబిన్ వైపు మూలల్లోంచి కొంచెం దిగుతుంది. అందుకే కింద చెక్క పలకలు వేసి వాటి మీద క్రేట్లు పెడతాం. బెల్లం, రాగిపిండి మూత డబ్బాల్లోనే. కొన్ని కవర్లకు ముందు మూలల్లో సన్న గొట్టాలు ఉంటాయి, నీళ్లు కిందికి పోవడానికి. మట్టి రోడ్డు దుమ్ముకు అవి పూడుకుపోతాయి. నెలకోసారి నీళ్లు పోసి చూడండి, కిందికి కారుతుందో లేదో.

దుమ్ము సంగతి వింతగా ఉంటుంది. ముందు నుంచి రాదు, వెనక నుంచి వస్తుంది. బండి పోతుంటే వెనకాల గాలి ఒత్తిడి తగ్గి, లేచిన దుమ్ము డోరు సందుల్లోంచి లోపలికి లాగేసుకుంటుంది. డోరు చుట్టూ రబ్బరు పట్టీ అతికించాక చాలా తగ్గింది. ఆ రబ్బర్లకు గ్రీజు గానీ, డీజిల్ గానీ, కిరోసిన్ గానీ పూయొద్దు. ఉబ్బి పాడైపోతాయి. మంచినీళ్లతో తుడిచి, అప్పుడప్పుడు సిలికాన్ స్ప్రే కొడితే చాలు.

బిగింపు దగ్గర ఉండి చూడండి

మాకు బిగించిన షాపులో తొట్టి లోపలి ప్లాస్టిక్ లైనర్ అంచు మీదే క్లాంపులు వేసేశారు. ప్లాస్టిక్ మీద పట్టు నిలవదు కదా. నెల తిరక్కుండానే ఘాట్ మలుపుల్లో గడగడా మోత, ఒక పక్క రెయిలు జరిగి నీళ్లు కారడం. మళ్లీ పోయి, లైనర్ అంచు కోయించి, క్లాంపు నేరుగా ఇనుము మీద పట్టేలా వేయించా. కొత్తగా వేసిన వారం పది రోజులకు ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి బోల్టులు చూసుకోండి. పలకల మీద మనుషుల్ని ఎక్కనివ్వొద్దు. ఫొటో కోసం మా తమ్ముడు ఎక్కితే పడిన సొట్ట వీడియోలో చూపించాను.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. బోల్టు విప్పితే ఊడొచ్చే కవర్ వేరు, వెల్డింగ్ చేసి ఫ్రేము నిలబెట్టడం వేరు. వెల్డింగ్ ఆలోచన ఉంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి చేయండి.

మరి కొనొచ్చా?

మార్కెట్ యార్డుకు 50 క్రేట్ల టమోటా తోలే రైతుకు ఇది దండగ. మీకు గట్టి కాన్వాస్ పట్టా, మంచి తాడే మేలు. కింద గాలి ఆడుతుంది, ఎత్తుకు అడ్డు లేదు. మాలాగా తక్కువ సరుకు, ఎక్కువ ఇళ్లు, ప్రతి వీధిలో ఆగి దిగే పని ఉంటే మాత్రం పెట్టిన డబ్బుకు పనికొస్తుంది. ఏదైనా సరే, మీ క్రేటును షాపుకు తీసుకెళ్లి తొట్టిలో పెట్టి చూశాకే డబ్బు కట్టండి.

మానేసిన నాలుగు ఇళ్లలో రెండు మళ్లీ వచ్చాయి. ఆ పెద్దావిడ అసలు మానలేదు. ఇప్పుడు బుట్టల రోజు పొద్దున్నే, నేను మూత వేసే ముందు మా నాయన వచ్చి గోనెపట్టా కింద చెయ్యి పెట్టి చూస్తాడు. చల్లగా తగిలితే, "ఇంక మూసుకో రా" అంటాడు. ఆ మాట వచ్చేదాకా తాళం వేయను.

మీరు ఏ బండిలో, ఏ సరుకు, ఎంత దూరం తీసుకుపోతున్నారో కింద రాయండి. వేసవిలో ఆకుకూర చల్లగా చేర్చే ఉపాయం మీ దగ్గర ఇంకేదైనా ఉంటే అదీ చెప్పండి. బాగుంటే మా బండిలో చేసి, వీడియోలో చూపిస్తాను.