మూపుటెముక విరిగినపుడు

2021వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీ, వినాయక చవితినాటి రాత్రి, సినిమా నటుడు సాయి ధరమ్ తేజ్ హైదరాబాదులో దుర్గము చెరువు తీగల వంతెన సమీపమున మోటారు సైకిలు జారి పడిపోయెను. తలకు హెల్మెట్ ఉండుటచే ప్రాణము దక్కెను. ఫిల్మ్ నగర్ ప్రక్కనే జూబిలీ హిల్సులోనున్న అపోలో ఆసుపత్రిలో, విరిగిన ఆయన కాలర్ బోనుకు రెండు దినములలో శస్త్రచికిత్స జరిగెను. అక్టోబరు 15వ తేదీన ఆయన ఇల్లు చేరెను. భుజమున ఏ యెముక విరిగినను కత్తి తప్పదా యని సోదరీమణులకు సందేహము కలుగుట సహజము.

భుజమునకు ముందరి ఆధారము కాలర్ బోను. వెనుకటి ఆధారము మూపుటెముక. వీపుపై త్రికోణాకారమున నుండు ఈ పలకను వైద్యులు అంసఫలకమందురు. దీనిని నలువైపుల కండరములు కప్పియుండును గాన సామాన్యముగ విరుగదు. విరిగిన యెముకలు నూరింటిలో ఇది ఒకటి మాత్రమే. విరిగినదనగా దెబ్బ మిక్కిలి బలమైనదని యర్థము. ప్రక్కటెముకలు, ఊపిరితిత్తులు, తల కూడ తరచుగ గాయపడియుండును. కనుక వైద్యుడు భుజమును విడిచి ముందుగా రొమ్ము పరీక్షించినచో ఇంటివారు విసుగుకొనరాదు.

ఇట్టి విరుగుళ్లలో అధికభాగము కత్తి లేకయే నయమగును. చేతిని జోలెకట్టుతో మెడకు వ్రేలాడదీసి, నొప్పి తగ్గగానే మెల్లగ కదలింపవలెను. కండరములలో రక్తప్రసారము మెండుగ నుండుటచే ఎముక సుమారు ఆరు వారములలో అతుకుకొనును.

కత్తి యవసరమగునది కొందరికే. చేతియెముక తల తిరుగు గిన్నె పగిలి ముక్కల నడుమ నాలుగైదు మిల్లీమీటర్ల మెట్టు పడినచో, పెచ్చూడిన రుబ్బురోటిలో పొత్రమువలె కీలు ఒరసికొని కాలక్రమమున అరిగిపోవును. ముక్కలు రెండు సెంటీమీటర్లు తొలగినను, మిక్కిలి వంగినను, కాలర్ బోను కూడ విరిగి భుజము రెండు గుంజలును కూలిన పందిరివలె జారినను వైద్యులు శస్త్రచికిత్స నాలోచింతురు.

ముందుగా సీటీ స్కాను తీసి ఎముక రూపమును అన్ని వైపులనుండి చూతురు. ఊపిరి కుదుటపడిన పిదప, సాధారణముగ రెండు మూడు వారములలోపల, మత్తునిచ్చి వీపువైపున కోసి, కండరములను ప్రక్కకు తొలగించి, ముక్కలను కూర్చి లోహపు పట్టీలను మరలతో బిగింతురు. పలక నడిమిభాగము కాగితమువలె పలుచన గాన, మరలను దళసరి అంచులలోనే దింపుదురు. చేయినెత్తు కండరములకు పోవు నరము దాపుననే యుండుటచే ఇది నేర్పరుల పని.

పుత్తూరు కట్టు మన దేశమున పేరుగన్నది. కాని లోపల పగిలిన గిన్నెను పైకట్టు సరిచేయజాలదు. నూనె మర్దనము అసలే కూడదు.

శస్త్రచికిత్స ముగియుటతో పని ముగియదు. కొలది దినములలోనే ఇతరుల సాయముతో చేతిని కదలింపవలెను. వ్రేళ్లు, మణికట్టు, మోచేయి మొదటినుండియు ఆడించుచుండవలెను. బరువులు మాత్రము వైద్యుని యనుమతి లేక ఎత్తరాదు. దానికి మూడు నెలలు పట్టవచ్చును. జ్వరము, గాయమున చీము, చేతిలో తిమ్మిరి కనిపించినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. నొప్పికి జడిసి చేయి కదపని యిల్లాలు, ఎముక అతికినను, తన జడ తాను వేసికొనలేని దుస్థితికి వచ్చును.

స్కూటరుపై వెనుక కూర్చుండు సోదరీమణులారా, కొంగు చక్రమున పడకుండ నడుమున దోపుకొనుడు. హెల్మెట్ మగవారికే యని తలపకుడు.