మొక్కకు వైరస్ సోకితే దాని నూనె ఏమవుతుంది?

అబుదాబి పక్కన మేముండే ఈ మఫ్రఖ్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో తరచూ కనిపించే కుండీలు రెండు: తులసి, పుదీనా. మొక్క బాగుంటే కొమ్మ తుంచి పక్కింటివాళ్ళకిస్తాం. ఆ కొమ్మతో పాటు వైరస్ కూడా వెళ్ళవచ్చు. అప్పుడు మొక్క చచ్చిపోకపోవచ్చు గానీ, దేనికోసం పెంచుతున్నామో ఆ గుణం తగ్గిపోవచ్చు. ఈరోజు ఆ సంగతి చెప్పుకుందాం.

పుదీనా ఆకును నలిపితే వాసన వస్తుంది కదా! ఆకు పైపొర మీద కంటికి కనబడని నూనె గ్రంథులు ఉంటాయి. నలిపితే అవి పగులుతాయి. ఆ నూనెలో పుదీనాకైతే మెంథాల్ వంటివి, తులసికైతే లవంగంలోనూ ఉండే యూజినాల్ వంటివి ఉంటాయి. దగ్గుకీ జలుబుకీ మన పెద్దవాళ్ళు వాడింది ఈ ఘాటునే.

వైరస్‌కు సొంతంగా బతికే శక్తి లేదు. మొక్క కణంలో చేరి, ఆ కణం చేతే తన నకళ్ళు తయారు చేయించుకుంటుంది. దాంతో ఆకులో పచ్చదనం తగ్గుతుంది, ఆహారం తయారీ మందగిస్తుంది, ఆకులు చిన్నవై ముడుచుకుంటాయి. ఆకు తగ్గితే గ్రంథులూ తగ్గుతాయి, మొక్క నుంచి వచ్చే మొత్తం నూనె తగ్గుతుంది. అంతకంటే ముఖ్యమైనది, నూనెలోని పదార్థాల పాళ్ళు మారవచ్చు. అన్నీ ఒకేలా తగ్గవు, కొన్ని పెరగవచ్చు కూడా. ఇటలీ శాస్త్రజ్ఞులు లావెండర్ మొక్కల్లో అల్ఫాల్ఫా మొజాయిక్ వైరస్‌ను పరిశీలించినప్పుడు, ఈ మార్పు మొక్క రకాన్నిబట్టి వేరువేరుగా కనిపించింది.

మనకిది కుండీ సమస్య, రైతుకు బతుకు సమస్య. మెంథాల్ పుదీనా పండించేవాళ్ళకు డబ్బు వచ్చేది ఆకు బరువు మీద కాదు, నూనె మీద. పుదీనాను కాడలతోనే నాటుతారు కాబట్టి తల్లి మొక్కలో వైరస్ ఉంటే కొత్త మడి అంతా దాంతోనే మొదలవుతుంది. 1959లో ఏర్పడిన లక్నోలోని సీమ్యాప్ సంస్థ ఇలాంటి సుగంధ మొక్కల మీద పనిచేస్తుంది. హైదరాబాదు బోడుప్పల్‌లోనూ దాని పరిశోధన కేంద్రం ఉంది.

మరి గుర్తుపట్టడం ఎలా? ఎండదెబ్బ తగిలిన ఆకు అంచుల్లో మాడుతుంది. ఎరువు చాలకపోతే ఆకంతా ఒకేలా పాలిపోతుంది. వైరస్ అయితే ఒకే ఆకులో లేత, ముదురు ఆకుపచ్చ మచ్చలు కలిసి ఉంటాయి, ఆకు వంకరపోతుంది. కంటి చూపుతో ఖాయంగా చెప్పలేం గానీ, అనుమానించడానికి అది చాలు.

సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. కుండీలోంచి తీసి పారేయడమే మార్గం. కత్తెరను సబ్బునీళ్ళతో కడగండి. దోసకాయ మొజాయిక్ వైరస్ వంటివాటిని మోసేది పేనుబంక, దాన్ని ఆకు వెనక వెతకండి. తులసిని కొమ్మ కంటే విత్తనంతో పెంచుకోవడం మేలు. ఊరి నుంచి కొమ్మలు సామానులో దాచి తేవద్దు. మొక్కలు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆ నియమం ఉన్నది ఇలాంటి తెగుళ్ళు రాకుండా ఆపడానికే.

భయపడకండి, ఈ మొక్కల వైరస్‌లు మనుషులకు జబ్బు చేయవు. ఇక నుంచి పొరుగువారికి కొమ్మ ఇచ్చే ముందు దాని ఆకులు ఒక్కసారి వెలుతురులో చూడండి. సెలవు.