యుద్ధపు లారీల పోషణము

అమెరికా సైన్యమునకై 1941 మొదలు 1945 వఱకు నిర్మింపఁబడిన జి.ఎం.సి. రెండున్నర టన్నుల లారీలు అయిదు లక్షలకు మించినవి. 1944లో ఫ్రాన్సునందలి సేనలకు పెట్రోలును, ఆహారమును చేరవేసిన వానిలో నివి ముఖ్యములు. యుద్ధానంతరము విక్రయింపఁబడిన యీ లారీలను కొందఱు నేఁటికిని వేడుకతో బాగుచేసి నడుపుచున్నారు.

వేడుకయే యైనను ఏమఱుపాటు తగదు. బ్రేకులన్నిఁటికిని ద్రవమును పంపు మాస్టరు సిలిండ రొక్కటియే. ఒక్క చక్రమువద్ద గొట్టము పగిలినను అన్ని బ్రేకులును ఒక్కసారిగాఁ బోవును. అంతటి బరువుబండి పల్లమున నిలువనిచో ప్రాణహాని తప్పదు.

సాధారణమైన బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చును. కావున నడుపక నిలిపియుంచిన బండికిని లోలోపలఁ ద్రుప్పు పట్టును. ద్రవమును మార్చి, గొట్టములను, చక్రములకడ సిలిండర్లను పరీక్షించిన పిమ్మటనే రంగు వేయవలెను.

సోదరీమణులారా! వాకిలి యూడ్చి కల్లాపి చల్లనిదే మనము ముగ్గు పెట్టము గదా!