చలి లెక్క తప్పితే పూత లేదు
సచిన్‌లో మామిడి పూస్తుంది, కివీ పూయదు. అయినా మొక్కల అమ్మకాలు ఆగడం లేదు

సూరత్ నుంచి నవ్‌సారీ వైపు సచిన్ దాటి వెళ్తే మిల్లుల పొగగొట్టాలు పలచబడి మామిడి, సపోటా తోటలు కనిపిస్తాయి. జనవరిలో ఈ ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మామిడి పూతకు ఆ మాత్రం చలి చాలు. కివీకి చాలదు.

అయినా కివీ మొక్కలు ఆన్‌లైన్‌లో దేశమంతటా దొరుకుతున్నాయి. సచిన్‌లో డాబా మీద పెట్టినా, తెలంగాణలో పొలంలో వేసినా తీగ కొంతకాలం పెరగొచ్చు. కాయల మీద ఆశ పెట్టుకోవడం మాత్రం దండగ.

కారణం తీగ కాలచక్రంలోనే ఉంది. కివీ ఆకు రాల్చే జాతి. ఈ వేసవిలో ఎదిగిన కొమ్మ మీద, ఆకు మొదట్లో, వచ్చే ఏటి మొగ్గ సిద్ధమవుతుంది. శీతాకాలంలో అది నిద్రపోతుంది. సరిగా మేలుకోవాలంటే 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి. పేరున్న హేవార్డ్ రకానికైతే సుమారు 700 నుంచి 800 గంటలు. ఆ లెక్క నిండితే వసంతంలో మొగ్గ పగిలి చిగురు వస్తుంది, దాని మొదటి ఆకుల పక్కన పూలు విచ్చుకుంటాయి. లెక్క తప్పితే మొగ్గలు ఎప్పుడు పడితే అప్పుడు పగులుతాయి, వచ్చేవి చాలావరకు ఆకులే. సూరత్‌లో పాదరసం 7 డిగ్రీలకు దిగడమే అపురూపం. న్యూజిలాండ్ రైతులు శీతాకాలం చివర్లో హైడ్రోజన్ సయనమైడ్ చల్లి మొగ్గలను లేపుతారు. అది చలి కొరతను కొంత పూడ్చే ఉపాయమే తప్ప చలికి బదులు కాదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. దేశంలో తొలి కివీ తీగలను నాటింది బెంగళూరు లాల్‌బాగ్‌లో. చల్లని ఊరని పేరున్నా అక్కడి చలి చాలక అవి కాయలేదు. 1963లో 7 రకాలను సిమ్లాలో నాటారు. 1969లో కాపు వచ్చింది. ఇప్పుడు అరుణాచల్, హిమాచల్ కొండల్లో తోటలున్నాయి.

చలి ఒక్కటే చిక్కు కాదు. కివీలో ఆడ, మగ తీగలు వేరు. ఆడపువ్వులో కేసరాలున్నా ఆ పుప్పొడి పనికిరాదు. హిమాచల్‌లో ఏప్రిల్ చివర, మే నెలల్లో కొద్ది రోజులే ఉండే పూతలో రెండూ ఒకేసారి పూయాలి. ఈ పూలలో మకరందం ఉండదు, పుప్పొడే. దగ్గర్లో మకరందం ఉన్న పూలుంటే తేనెటీగలు అటే పోతాయి. అందుకే రైతులు సుమారు 8 ఆడ తీగలకు ఒక మగ తీగ వేస్తారు. ఆలస్యంగా పూసే హేవార్డ్‌కు జోడీగా తోమురీ అనే మగ రకాన్ని ఎంచుకుంటారు.

విత్తనం నుంచి మొలిచిన మొక్క ఆడదో మగదో పూసేదాకా పైకి తెలియదు. అందుకు కొండల్లోనే కొన్నేళ్లు పడుతుంది. సచిన్ డాబా మీది తీగ విషయంలో ఎప్పటికీ తెలియకపోవచ్చు.