గేమ్ కంట్రోలర్ చెడితే తప్పు మిర్చి దుమ్ముదేనా?

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట వైపు ఇళ్లలో ఏ ఎలక్ట్రానిక్ వస్తువు మొరాయించినా ముందు నింద పడేది దుమ్ము మీదే. కల్లాల్లో మిర్చి ఎండే రోజుల్లో, జిన్నింగు మిల్లుల చుట్టూ పత్తి నూగు లేచే రోజుల్లో ఆ అనుమానం సహజం. వైర్‌లెస్ గేమ్ కంట్రోలర్ ముట్టుకోకుండానే తెరమీద ఆటగాడు పక్కకు జరిగిపోతుంటే "దుమ్ము పట్టింది, ఊదితే పోతుంది" అంటారు. పోకపోతే "ఇక పారేయడమే" అంటారు. రెండూ తొందరపాటు మాటలే. వేల రూపాయల వస్తువు అది. లోపం స్టిక్‌లోనా, సిగ్నల్‌లోనా, బ్యాటరీలోనా అన్నది ముందు విడదీసి చూడాలి.

స్టిక్ దానంతటదే కదిలినట్టు కనిపించడాన్ని డ్రిఫ్ట్ అంటారు. దానికి ముఖ్య కారణం అరుగుదల. చాలా కంట్రోలర్లలో స్టిక్‌ను అంటిపెట్టుకుని పొటెన్షియోమీటర్లు ఉంటాయి. కార్బన్ పూత మీద చిన్న లోహపు రేకు రాసుకుంటూ తిరుగుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది ఇలాంటి భాగమే. ఆడేకొద్దీ పూత అరిగి, స్టిక్ మధ్యలో ఉన్నా లేనట్టు లెక్క చూపిస్తుంది. నింటెండో జాయ్‌కాన్ కంట్రోలర్లపై ఈ డ్రిఫ్ట్ ఫిర్యాదుతోనే 2019లో అమెరికాలో దావా పడింది. 2020 జూన్‌లో కంపెనీ అధ్యక్షుడు షుంటారో ఫురుకావా క్షమాపణ చెప్పారు. వాటిని కొన్నవాళ్ల ఇళ్ల పక్కన మిర్చి కల్లాలు లేవు. మరి శుభ్రం చేస్తే కొన్నాళ్లు బాగుంటుంది కదా అంటే, నిజమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అరిగి రాలిన పొడిని కడిగేస్తుంది, పోయిన పూతను మాత్రం తేలేదు. దుమ్ముకు అసలు పాత్రే లేదని కాదు. బటన్లు అతుక్కోవడానికి, ఛార్జింగ్ రంధ్రం పూడుకోవడానికి అది చాలు. డ్రిఫ్ట్ కొద్దిగానే ఉంటే సెట్టింగుల్లో డెడ్‌జోన్ (స్టిక్ చిన్న కదలికలను లెక్కలోకి తీసుకోని మేర) పెంచి నెట్టుకురావచ్చు. ముదిరితే స్టిక్ మాడ్యూల్ ఒక్కటీ మార్పించుకోవాలి. టంకం పని బాగా తెలిసిన మెకానిక్‌కు అది చేతనయ్యే పనే. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లలో ఈ రాపిడి ఉండదు. సెగా 1998లోనే డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లో ఆ పద్ధతి వాడింది.

ఆట మధ్యలో కనెక్షన్ తెగిపోవడం వేరే జబ్బు. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఉంటాయి. యూఎస్‌బీ 3.0 పరికరాలు, కేబుళ్లు అదే పట్టీలో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లో పత్రమే రాసింది. హార్డ్ డిస్క్‌ను కొంచెం దూరం జరిపితే తీరే సమస్యకు కంట్రోలర్‌ను విప్పడం అన్యాయం. పరీక్ష సులువు: కేబుల్‌తో కలిపి ఆడాలి. ప్లేస్టేషన్‌లో అయితే సెట్టింగుల్లో యూఎస్‌బీ కేబుల్ పద్ధతి ఎంచుకోవాలి, లేకుంటే తీగ ఉన్నా సంకేతం గాలిలోనే వెళ్తుంది. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలుండవు, వాటితో చేసిన పరీక్ష చెల్లదు. తీగతో బాగా నడిస్తే తప్పు జత కుదరడంలోనో, సిగ్నల్‌లోనో, బ్యాటరీలోనో ఉన్నట్టు. ప్లేస్టేషన్ కంట్రోలర్లయిన డ్యూయల్‌షాక్ 4, డ్యూయల్‌సెన్స్ వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్నుతో ఐదు సెకన్లు నొక్కి, కేబుల్ పెట్టి పీఎస్ బటన్ నొక్కితే జత కొత్తగా కుదురుతుంది.

రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచితే బ్యాటరీ పేలుతుందన్న భయం కూడా అతి. నిండగానే లోపలి సర్క్యూట్ ఛార్జింగ్ ఆపేస్తుంది. ఈ ప్రాంతంలో భయపడాల్సింది ఎండకు. లిథియం అయాన్ బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. రెంటచింతల వేసవిలో కిటికీ గట్టు మీద, ఆపి ఉంచిన కారులో ఆ వేడి తేలిగ్గా వస్తుంది. బ్యాటరీ ఉబ్బి కంట్రోలర్ అతుకులు విచ్చుకుంటే మాత్రం ఇక ఛార్జ్ చేయకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు.