దండెం చాటు బట్టలు

నలుగురి కంటా పడకూడదని దాచిపెట్టే లోదుస్తులకు నిజానికి కావలసినవి చల్లని నీరు, మెత్తని చేయి, కాస్త గాలి

జూన్ నెల సగం గడిచేసరికి బస్తరు అడవుల మీదికి నైరృతి మేఘాలు దిగివస్తాయి. భద్రాచలం నుంచి కుంట, సుక్మాల మీదుగా జగదల్పూరు వెళ్ళే రహదారిపై ఉన్న తోంగ్‌పాల్‌లో అప్పటి నుంచి సెప్టెంబరు దాకా ఇల్లాళ్ళకు ఒకటే చింత: ఉతికిన బట్ట ఆరదు. చూరు కింద కట్టిన దండెం మీద చీరలు, లుంగీలు, పిల్లల చొక్కాలు బరువుగా వేలాడుతూ ఉంటాయి. వాటి నడుమ కంటికి ఆనని బట్టలు మరికొన్ని ఉంటాయి. తడిచీర మడత లోపల ఒకటి, తువ్వాలు కింద ఒకటి, తలుపు వెనుక మేకుకు మరొకటి. అవి ఆ ఇంటి స్త్రీల లోదుస్తులు. ఎండ కాసే రోజుల్లోనే సరిగా ఆరని ఆ బట్టలు వానాకాలంలో ఎలా ఆరుతాయి?

ఈ అలవాటు ఒక్క తోంగ్‌పాల్‌కు ప్రత్యేకమైనది కాదు. దిగువన విజయవాడ ఇరుకు సందుల్లోనూ, హైదరాబాదు మేడల మీదా కనిపించేది ఇదే. మగవారి బనియను నడివాకిట్లో ధీమాగా ఆరుతుంది; ఆడవారి బాడీ మాత్రం మరొక బట్ట చాటున తలదాచుకుంటుంది. ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే తల్లి నుంచి కూతురికి అందే నియమమిది. నియమం సిగ్గుకు సంబంధించినదే కావచ్చు. దాని ఫలితాన్ని మాత్రం బట్ట, ఒళ్ళు రెండూ అనుభవిస్తాయి.

ఈ చిన్న దుస్తు తీరు తక్కిన బట్టల తీరు వంటిది కాదు. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే యువతి దీనికి పేటెంటు పొందింది. ఆమె తొలుత కుట్టుకున్నది రెండు పట్టు చేతిరుమాళ్ళు, కాస్త రిబ్బను కలిపి. 1958లో డ్యూపాంట్ సంస్థ రసాయన శాస్త్రజ్ఞుడు జోసెఫ్ షివర్స్ కొత్త సాగుడు దారాన్ని కనిపెట్టాడు. లైక్రా అనే పేరుతో ప్రసిద్ధమైనది అదే. తన పొడవుకు ఐదు రెట్ల వరకు సాగి, వదలగానే మళ్ళీ యథాస్థితికి రావడం దాని గుణం. నేటి బాడీలో నూలు, నైలాను, లేసు, సాగుడు దారం, లోహపు కొక్కేలు అన్నీ ఒకచోట చేరి ఉంటాయి. వీటిలో ఒకటి ఓర్చుకునే వేడిని, గాఢతను మరొకటి ఓర్చుకోలేదు. దుప్పటిని బాదినట్లు దీనిని బాదడం వల్ల వచ్చే చిక్కంతా అక్కడే ఉన్నది.

నాజూకు బట్టకు ఏది చేటో బస్తరు అడవే ఒక పాఠంగా చూపుతుంది. ఇక్కడి గుగ్గిలపు చెట్ల మీద అడవి పట్టుపురుగులు కట్టుకునే గూళ్ళను ‘రైలీ’ అంటారు. దసలి పట్టులో ఇదొక జాతి. తెలంగాణలోని మహాదేవపూరు నేతగాళ్ళకు చిరపరిచితమైనదీ దసలి పట్టే. ఈ పట్టుకాయ రాయిలా గట్టిగా ఉంటుంది. సోడా కలిపిన నీటిలో ఉడికిస్తేగాని పోగులను అంటిపెట్టుకున్న జిగురు వదలదు. ఆ ఉడుకు ఏమాత్రం మించినా పోగు బలమే పోతుంది. పట్టును పురుగు గూటి నుంచి విడదీసే క్షారమే, వారం వారం ఉతుకులో తగిలితే పట్టుబట్టను తినివేస్తుంది. చాకలి సోడాలోనూ, మురికి బట్టల కోసం తయారైన చాలా సబ్బుపొడుల్లోనూ ఉండేది ఆ క్షారమే. మరకలు పోగొట్టే క్లోరిన్ ద్రావకం అంతకన్నా గడ్డుది. అది పట్టును పాడుచేయడమే కాక, సాగుడు దారాన్ని పచ్చబరచి బిగువు పోగొడుతుంది.

దీనికి విరుగుడు మన పెరట్లోనే ఉన్నది. కుంకుడుకాయలోని సాపోనిన్ అనే పదార్థం నీటిలో నురగనిచ్చి జిడ్డును వదిలిస్తుంది. దానికి సోడాకున్న గాఢత లేదు. పట్టుచీరలకూ, నగలకూ మన పెద్దలు కుంకుడు రసం వాడినది ఊరికే కాదు. అది అందని వారికి ఉన్ని, పట్టు బట్టల కోసం అమ్మే మెత్తని ద్రవసబ్బు సరిపోతుంది.

ఉతికే పద్ధతి కష్టమైనది కాదు. ముందుగా కొక్కేలు తగిలించాలి. లేకుంటే అవి లేసును పట్టి చింపుతాయి. ముదురు రంగులను విడిగా తీయాలి. చల్లని నీటిలోగాని, చేతికి గోరువెచ్చగా తోచే నీటిలోగాని సబ్బు ముందుగా కరిగించి, బట్టను పది పదిహేను నిమిషాలు నాననివ్వాలి. చెమట ఎక్కువగా పట్టే పట్టీలను, చంకల భాగాన్ని వేళ్ళతో మృదువుగా రుద్దాలి. నురగ పోయేదాకా రెండు మూడు నీళ్ళలో జాడించాలి. మిగిలిపోయిన సబ్బు కూడా ఒంటికి దురద తెస్తుంది. బండమీద బాదరాదు, మెలిపెట్టి పిండరాదు. పొడి తువ్వాలులో పరచి, చుట్టి, అరచేతులతో అదిమితే నీరంతా తువ్వాలే పీల్చుకుంటుంది. యంత్రంలో వేయక తప్పనివారు వలసంచిలో పెట్టి, చల్లని నీటితో, మెల్లని తిప్పుడులో వేయాలి. వేడిగాలితో ఆరబెట్టే యంత్రంలోకి మాత్రం పోనివ్వరాదు. సాగుడు దారానికి వేడి పరమ శత్రువు.

ఒకే బాడీని వరుసగా రోజూ తొడగడం కూడా దాని ఆయువును తగ్గిస్తుంది. ఒకరోజు విశ్రాంతి ఇస్తే సాగిన దారం మళ్ళీ బిగువు పుంజుకుంటుంది. రెండు మూడింటిని మార్చి మార్చి వాడడం ఖర్చులా కనిపించినా చివరికి పొదుపే. చెమట ఆరిపోయిందని ఉతకకుండా దాచడం తగదు; చెమటలోని ఉప్పు, చర్మపు జిడ్డు దారాన్ని మెల్లగా చివికిస్తాయి.

ఇక అసలు సంగతి ఆరవేయడం. పట్టీ పట్టి వేలాడదీస్తే తడి బరువుకు పట్టీ సాగుతుంది. నడిమి భాగాన్ని దండెం మీద వేసి, కప్పులను చేతితో సరిదిద్దాలి. లేసు, లైక్రా ఉన్నవాటికి మండుటెండ పడదు, రంగు వెలుస్తుంది; గాలి ధారాళంగా ఆడే నీడ చాలు. అచ్చమైన నూలు లోదుస్తులకు ఎండే మేలు. ఎండ తేమను తీయడమే కాదు, సూక్ష్మజీవులను కూడా అణచుతుంది. చీర మడతలో దాచిన బట్టకు నీడ ఉన్నది, గాలి లేదు. పైకి పొడిగా తోచినా కుట్లలో, మడతలలో తడి నిలిచే ఉంటుంది.

ఆ తడితోనే జబ్బుకు దారి ఏర్పడుతుంది. రొమ్ముల కింది మడతలో, గజ్జలలో చెమట, రాపిడి, తేమ కూడినచోట కాండిడా వంటి శిలీంధ్రాలు, తామర పుట్టించేవి సులభంగా పెరుగుతాయి. ఎర్రని పొక్కులు, మంట, దురద మొదలవుతాయి. లోదుస్తు సంగతి చెప్పుకోలేనివారు ఆ చోట లేచిన దురద సంగతి మాత్రం ఎలా చెప్పుకుంటారు? అంగడిలో దొరికిన స్టెరాయిడ్ లేపనమేదో తెచ్చి రాస్తారు. నాలుగు రోజులు ఉపశమనం కనిపిస్తుంది, లోలోపల తామర మరింత పాకుతుంది. వైద్యుని సలహా లేకుండా అటువంటి లేపనాలు వాడరాదు.

నెలసరి బట్టల విషయంలో ఈ చాటు మరింత పెద్దది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో సగం మంది నెలసరిలో గుడ్డ వాడుతున్నారు. శుభ్రంగా సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెడితే గుడ్డ వాడడంలో తప్పులేదు. మంచం కింద, గడ్డివామి సందున ఆరీ ఆరని గుడ్డనే మళ్ళీ వాడవలసి రావడంలోనే ఉన్నది ముప్పు.

వానలు ఆగవు గనుక తోంగ్‌పాల్ ఇల్లాలు చేయగలిగినది ఒకటున్నది. చూరు కిందనే, గాలి వీచే వైపున, చిన్నబట్టలకని వేరే తాడొకటి కట్టవచ్చు. ఒకదానికొకటి తగలకుండా జానెడు ఎడంగా వేయవచ్చు. ఎండ తొంగిచూసిన గంటసేపు నూలువాటిని వాకిట్లోకి తేవచ్చు. మిగిలే అడ్డంకి తాడుది కాదు, చూపుది. ఆ ఇంటి మగవారు ఆ తాడును చూసి ముఖం తిప్పుకోకుండా, అత్తగారు గొణగకుండా ఉంటే చాలు. మనిషి ఒంటిని కాపాడే బట్ట ఆరుతున్నది, అంతే. బనియను పక్కన బాడీ ఆరిన ఇంట్లో పెరిగే ఆడపిల్లకు తన ఒంటి బాధను తల్లితో చెప్పుకోవడం కూడా అంత కష్టమనిపించదు.